పాసంగం ఎవరి చేతిలో ఉంది?

పాసంగం అన్న మాట మన తరం నోట్లోంచి దాదాపు జారిపోయింది. త్రాసు తట్టలు రెండూ ఖాళీగా ఉన్నప్పుడు సమంగా నిలవకపోతే, తేలిపోయిన వైపు చిన్న రాయో ఇనప ముక్కో చేర్చి సరిచేసేవాళ్ళు. ఆ ముక్కే పాసంగం. సరుకు వేయకముందు ఖాళీ త్రాసు ఎత్తి, ముల్లు నిటారుగా నిలబడిందని చూపించాకే తూకం మొదలవ్వాలి. "పాసంగం చూపించు" అని అడిగే హక్కు అవతలివాడికి ఉండేది. అడగలేనివాడి సరుకు ఎంత తూగుతుందో ఆ రాయే నిర్ణయించేది.

ఈ మాట నాకు మళ్ళీ తగిలింది ఒక సైక్లింగ్ కంప్యూటర్ కోసం వెతుకుతున్నప్పుడు. సైకిల్ హ్యాండిల్ మీద బిగించుకునే ఈ చిన్న పెట్టె వేగం, దూరం, దారి చూపిస్తుంది. సైకిల్‌కి పవర్ మీటర్ కూడా ఉంటే, కాళ్ళు ఎన్ని వాట్లు ఇస్తున్నాయో అది గాలిలో పంపితే అందుకుని చూపిస్తుంది. నాకు రెండు మీటర్లున్నాయి. ఒకటి మార్టూరులో ఇంటి దగ్గరుండే సైకిల్ పెడళ్ళలో. రెండోది హైదరాబాద్ ఫ్లాట్‌లో, వెనక చక్రం తీసేసి సైకిల్‌ని బిగించే ట్రైనర్‌లో. రెండింటితోనూ సరిగ్గా పనిచేసే కంప్యూటర్ ఏది? చూడ్డానికి ఇది షాపులో అడగాల్సిన ప్రశ్న. తవ్వితే మాత్రం సైకిల్ కంటే చాలా పాతదైన ఇంకో ప్రశ్న బయటపడింది: కొలిచే వస్తువు ఒకరిది, అంకె చూపించే వస్తువు ఇంకొకరిది అయినప్పుడు, సున్నాకి కాపలా ఎవరు?

వేగం చెప్పని సంగతి

మార్టూరు చుట్టూ నేల చదును. నల్లరేగడి, పత్తి, మిర్చి. జాతీయ రహదారి మీద (ఇప్పుడు దాని నంబరు 16, మనకి మాత్రం అలవాటు కొద్దీ ఐదో నంబరు రోడ్డే) అటు చిలకలూరిపేట వైపు తొక్కినా ఇటు ఒంగోలు వైపు తొక్కినా చెప్పుకోదగ్గ ఎత్తుపల్లాలు లేవు. ఇలాంటి చోట ఎంత కష్టపడుతున్నామో చెప్పడానికి వేగం చాలదా అనిపిస్తుంది. చాలదు, గాలి ఉంది కాబట్టి. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుని మామూలు భౌతికశాస్త్రం లెక్క వేస్తే, గాలి లేని రోజు గంటకు 30 కిలోమీటర్లతో పోవడానికి సుమారు 140 వాట్లు కావాలి. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే అదే వేగానికి దాదాపు 270 కావాలి. వేగం అంకె మారలేదు, పని మాత్రం రెండింతలైంది. అందుకే పోటీలకు తయారయ్యేవాళ్ళు వేగాన్ని వదిలి వాట్లను పట్టుకున్నారు.

శక్తిని కొలవడం మొదలైందే ఒక బేరంలో. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని ఇచ్చి, పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు వసూలు చేసేవాడు. గుర్రాలతో నడిచే మిల్లుల్లో పోల్చడానికి బొగ్గే లేదు. అక్కడ "ఇది ఎన్ని గుర్రాల పని చేస్తుంది" అన్న లెక్క కావాల్సి వచ్చింది. 1780లలో ఒక గుర్రం నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పని చేస్తుందని ఆయన స్థిరపరిచాడు. ఇవాళ్టి లెక్కలో సుమారు 746 వాట్లు. ఆయన పేరుతో ప్రమాణం ఉండాలని విలియం సీమెన్స్ ప్రతిపాదించింది 1882లో. అంటే ప్రమాణం కంటే ముందు అమ్మేవాడు, కొనేవాడు, మధ్యలో ఒక అంకె ఉన్నారు. ఆ అంకె మీద ఇద్దరూ ఒప్పుకోవాలి.

తీగతో కట్టిన అంకె

సైకిల్ మీదకి ఈ అంకెను తెచ్చింది జర్మన్ ఇంజనీరు ఉల్రిక్ షోబెరర్, 1986లో. ఆయన కంపెనీ ఎస్.ఆర్.ఎం. పవర్ మీటర్ పెడళ్ళ మధ్యనుండే క్రాంకులో కూర్చునేది. లోపల పనిచేసేది స్ట్రెయిన్ గేజ్. లోహం మీద బరువు పడితే అది కంటికి కనపడనంత వంగుతుంది. దాని మీద అతికించిన సన్నటి తీగ కూడా సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును కొలిస్తే బలం తెలుస్తుంది, బలాన్ని తిరిగే వేగంతో కలిపితే వాట్లు తెలుస్తాయి. అతికించే స్ట్రెయిన్ గేజ్‌ను 1938 ప్రాంతంలో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టారు.

దీన్ని చూడ్డానికి జర్మనీ పోనక్కర్లేదు. మార్టూరులో గ్రానైట్ దిమ్మెల లారీలు ఎక్కే ఎలక్ట్రానిక్ వేబ్రిడ్జి కిందా, పత్తి తూచే ఎలక్ట్రానిక్ కాటా కిందా ఉండే లోడ్ సెల్‌లో ఉన్నది ఇదే స్ట్రెయిన్ గేజ్. నా పెడల్‌ని మా నాన్నకి చూపించి ఈ మాటే చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే దీనికి ముద్రెవరేస్తార్రా?" అన్నాడు.

ఎవరూ వేయరు. వ్యాపారంలో వాడే కాటాకి తూనికలు, కొలతల శాఖ తనిఖీ ఉంటుంది, ముద్ర ఉంటుంది, దానికో గడువుంటుంది. పవర్ మీటర్‌కి ఉన్నదల్లా తయారీదారు పెట్టె మీద అచ్చువేసిన "ప్లస్ ఆర్ మైనస్ ఒక శాతం", లేదంటే "రెండు శాతం" అన్న మాట. అది నిజమా కాదా చూసుకోవడం వాడేవాడి పని.

తొలి రోజుల్లో ఆ పని చేసుకునే వీలు కూడా తక్కువే. ఎస్.ఆర్.ఎం. మీటర్ నుంచి ఎస్.ఆర్.ఎం. కంప్యూటర్‌కి తీగ ఉండేది. 1990ల చివర్లో వెనక చక్రం హబ్‌లో కూర్చునే పవర్‌ట్యాప్ వచ్చింది. దానికి మళ్ళీ దాని సొంత కంప్యూటర్. త్రాసూ, రాళ్ళూ, చిట్టా రాసే గుమస్తా అన్నీ ఒకే షావుకారువి అయినట్టు.

ఆ తీగను తెంచింది కెనడాలోని కాక్రేన్ అనే చిన్న ఊరి కంపెనీ డైనాస్ట్రీమ్. వాళ్ళు తయారుచేసిన ఆంట్ అనే రేడియో పద్ధతి, దాని మీద కట్టిన ఆంట్ ప్లస్ ఒప్పందం, ఏ కంపెనీ మీటరైనా ఏ కంపెనీ కంప్యూటర్‌తోనైనా మాట్లాడే భాషను ఇచ్చాయి. 2006 చివర్లో డైనాస్ట్రీమ్‌ని గార్మిన్ కొనేసింది, అయినా ఆ భాష పోటీదారులకు కూడా అందుబాటులోనే ఉంది. ఈ పద్ధతిలో మీటర్ టముకు వేస్తుంది: సెకనుకు నాలుగుసార్లు, "ఫలానా నంబరు మీటర్ని, ఇప్పుడిన్ని వాట్లు" అని. వినేవాళ్ళు ఎంతమందైనా వినొచ్చు. తర్వాత వచ్చిన బ్లూటూత్ పద్ధతి చెవిలో చెప్పడం లాంటిది. ఒకేసారి ఒకరిద్దరికి మించి చెప్పలేని మీటర్లే ఎక్కువ.

ఒకే పేరు, మూడు మణుగులు

కొలతను కొలిచేవాడి గుప్పిట్లోంచి విడిపించి అందరికీ ఒక భాష ఇవ్వడం మన దగ్గర చాలా పాత పోరాటం. అర్థశాస్త్రంలో పౌతవాధ్యక్షుడనే అధికారి ఉంటాడు, తూనికలూ కొలతలూ ఆయన చేతిలో. నాలుగు నెలలకోసారి వాటికి ముద్ర వేయించాలన్న నియమం కూడా అక్కడ ఉంది. కానీ అదే అధ్యాయంలో ద్రోణం అనే కొలత నాలుగు రకాలుగా కనిపిస్తుంది. రాజుకు ఆదాయంగా వచ్చేటప్పుడు ద్రోణం అంటే 200 పలాలు. వ్యాపారంలో 187½. ఖర్చుగా పంచిపెట్టేటప్పుడు 175. అంతఃపురానికి పంచేటప్పుడు 162½. తీసుకునే కుంచం పెద్దది, ఇచ్చే కుంచం చిన్నది. ఇది దొంగతనం కాదు, శాస్త్రంలో రాసిపెట్టిన పద్ధతి. ఒకే పేరున్న కొలత, అది ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టి విలువ మారుతోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పవర్ మీటర్ల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ మార్టూరుకి దగ్గర్లోనే, చినగంజాం దగ్గర మోటుపల్లిలో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం ఓడల వ్యాపారులకు ఇచ్చిన మాట. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా రాజులు లాక్కునేవాళ్ళు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ, ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్పైలో ఒక వంతేననీ ఆ శాసనం చెప్తుంది. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు, ఇలా సరుకుల పేర్లు వరసగా ఉంటాయి. రేటు కంటే నన్ను ఆకట్టుకునేది ఆ రేటు ఉన్న చోటు. అది సుంకం వసూలు చేసేవాడి చిట్టాలో లేదు, రేవులో దిగిన ఎవడైనా వేలు పెట్టి చూపించగల రాతి మీద ఉంది.

ఆ తర్వాత శతాబ్దాల్లో కొలతలు మళ్ళీ చిక్కుపడ్డాయి. బ్రిటిష్ కాలం మద్రాసు లెక్కలో అయిదు సేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు బారువ. మద్రాసు మణుగు 25 పౌన్లు. బొంబాయి మణుగు 28. బెంగాల్ మణుగు 82కి పైనే. మద్రాసు మణుగులో కూడా ఒక మెలిక ఉంది. వీశెకి 120 తులాల చొప్పున లెక్కగడితే మణుగు 25 పౌన్లు కాదు, 24.7కి కాస్త తక్కువ. ఒక శాతం పైచిలుకు తేడా. మణుగుకి అది గుప్పెడు పత్తి కావచ్చు, బారువకి ఆరు పౌన్లు దాటుతుంది. ఆ ఆరు పౌన్లు ఎవరివన్నదే అసలు చరిత్ర.

1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం ఈ గందరగోళాన్ని తీసేయడానికి వచ్చింది. 1958 అక్టోబరు నుంచి విడతలుగా మెట్రిక్ తూకాలు మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి తప్పనిసరి అయ్యాయి. అయినా పాత పేర్లు వెళ్ళిపోలేదు. ఇవాళ్టికీ రైతు పత్తిని క్వింటాళ్ళలో అమ్ముతాడు. జిన్నింగ్ మిల్లులో గింజ తీశాక అదే పత్తి 170 కిలోల బేళ్ళుగా మారుతుంది. దాని ధర మాత్రం క్యాండీల్లో పలుకుతుంది. క్యాండీ అంటే సుమారు 356 కిలోలు, అంటే 784 పౌన్ల పాత బొంబాయి లెక్క. ధర పేపర్లో చదివిన రైతు, తన క్వింటాలుకి అందులో ఎంతొస్తుందో తెలుసుకోవాలంటే రెండు భాగహారాలు చేయాలి. గింజ బరువు తీసేయడం ఇంకో లెక్క.

కాటా ఒక్కటీ సరిగ్గా ఉంటే చాలదని కూడా మా పత్తి నేర్పింది. కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్ళలో తేమ ఎనిమిది శాతం దాకా పూర్తి మద్దతు ధర. పన్నెండు దాకా పెరిగేకొద్దీ కోత. పన్నెండు దాటితే కొనరు. కిలోలు చెప్పేది ఒక పరికరం, ఆ కిలోలకు విలువ ఎంతో చెప్పేది ఇంకో పరికరం. మొదటిదానికి "పాసంగం చూపించు" అనడం మా తాతలకు అలవాటు. రెండోదాన్ని పత్తిలో గుచ్చినప్పుడు ఏమనాలో ఇంకా మాట పుట్టలేదు.

రెండు మీటర్లు, రెండు నిజాలు

ఇప్పుడు సైకిల్ దగ్గరకొద్దాం. ఆంట్ ప్లస్ ఇచ్చింది భాషను, ముద్రను కాదు. ఆ ధ్రువీకరణ చెప్పేది మీటర్ తన అంకెను అందరికీ అర్థమయ్యేలా పంపుతుందనే. ఆ అంకె నిజమని కాదు. 1956 చట్టం ముందు మణుగుకి ఉన్న స్థితి ఇదే: పేరు అందరిదీ, విలువ ఎవరిది వాళ్ళది.

పైగా రెండు మీటర్లూ నిజమే చెప్పినా అంకెలు కలవవు. పెడల్‌లో ఉన్న మీటర్ కాలు ఇచ్చినదాన్ని కొలుస్తుంది. ట్రైనర్ కొలిచేది చెయిన్ దాటి చివరకు చేరినదాన్ని. శుభ్రంగా నూనె పెట్టిన చెయిన్ కూడా రెండు మూడు శాతం తినేస్తుంది. పెడల్ 200 అంటే ట్రైనర్ 195 అనడం న్యాయమే. కొలత కూర్చున్న చోటును బట్టి ద్రోణం మారినట్టే ఇదీ. ఎడమ క్రాంకులో మాత్రమే ఉండే మీటర్లు ఒక కాలిని కొలిచి రెండుతో హెచ్చవేస్తాయి. మీ కుడికాలు బలమైనదైతే ఆ మీటర్‌కి అది తెలియదు. రెండు శాతం తేడాకు అనుమతి ఉన్న రెండు మీటర్లు 250 వాట్ల దగ్గర ఒకటి 245, ఇంకోటి 255 చూపించొచ్చు. రెండూ తమ పెట్టె మీద రాసిన మాటకు కట్టుబడే ఉన్నాయి.

దీనికి తోడు మా ఊరి ఎండ. లోహం వేడికి వ్యాకోచిస్తుంది, స్ట్రెయిన్ గేజ్ సున్నా జరుగుతుంది. నీడలో ఉంచిన సైకిల్‌ని మే నెల తారురోడ్డు మీదకి తెచ్చాక ఆ జరుగుడుని సరిచేయాలి. కంప్యూటర్లలో దానికో మీట ఉంటుంది, చాలావాటిలో "క్యాలిబ్రేట్" అని రాసి ఉంటుంది. నిజానికి అది క్యాలిబ్రేషన్ కాదు. తూకం రాయి పెట్టి చూడటం క్యాలిబ్రేషన్. పెడల్ మీద బరువు లేనప్పుడు సున్నా ఎక్కడుందో చూడటం పాసంగం.

ఇంజనీరుగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన వివరం ఇక్కడే ఉంది. ఆంట్ ప్లస్ ఒప్పందంలో మీటర్ మాట్లాడే తీరు ఒకటి కాదు. కొన్ని మీటర్లు లెక్కంతా తమలోనే చేసుకుని తుది వాట్లు పంపుతాయి. ఎస్.ఆర్.ఎం. పద్ధతిలో మాట్లాడేవి వాట్లు పంపవు, క్రాంకు మీద పడిన బలానికి సంబంధించిన పచ్చి సంకేతాన్ని పంపుతాయి. దాంట్లోంచి సున్నాను తీసేసి వాట్లు కట్టే పని కంప్యూటర్‌ది. మొదటి రకంలో పాసంగం మీటర్ చేతిలో ఉంది. రెండో రకంలో కంప్యూటర్ చేతిలో. అలాంటి మీటర్‌కి రెండు కంప్యూటర్లు తగిలించి, ఒకదాంట్లో పొద్దున సున్నా చూసి, రెండోదాంట్లో నిన్నటి సున్నా వదిలేస్తే, ఒకే కాలికి ఒకే క్షణంలో రెండు వేర్వేరు అంకెలు కనిపిస్తాయి.

ఏం చూసి కొనాలి

కాబట్టి రెండు మీటర్ల అంకెలనూ కలిపే కంప్యూటర్ కోసం వెతకడం దండగ. అలా కలిపి చూపిస్తే ఏదో ఒకదాన్ని నొక్కిపెట్టిందని అర్థం. వెతకాల్సింది ఏ మీటర్ మాట దానిదిగా వినిపించే పెట్టెను.

మొదటగా అది రెండు భాషలూ, ఆంట్ ప్లసూ బ్లూటూతూ, వినగలగాలి. రెండోది, ప్రతి మీటర్‌నీ దాని నంబరుతో, మనం పెట్టిన పేరుతో విడిగా గుర్తుపెట్టుకోవాలి. "మార్టూరు పెడల్", "హైదరాబాద్ ట్రైనర్" అని. పెడల్ ఉన్న సైకిల్‌నే ట్రైనర్‌కి బిగిస్తే రెండూ ఒకేసారి టముకు వేస్తాయి. అప్పుడు ముందు వినపడ్డదాన్ని పట్టుకునే కంప్యూటర్ వద్దు, ఏది వినాలో మనం చెప్తే వినే కంప్యూటర్ కావాలి. ఒక ప్రయాణంలో ఒక మీటర్ అంకెలే నమోదు చేసేవి ఎక్కువ కాబట్టి ఈ ఎంపిక మన చేతిలో ఉండటం ముఖ్యం.

మూడోది పాసంగం. సున్నా చూడమని అడిగే వీలుండాలి, వచ్చిన అంకెను దాచకుండా చూపించాలి. "విజయవంతం" అని మాత్రం చెప్పి ఊరుకునే కంప్యూటర్ ఖాళీ త్రాసును తువ్వాలు కింద ఎత్తి చూపించినట్టే. నిన్నటి అంకెకూ ఇవాళ్టిదానికీ పెద్ద తేడా కనిపిస్తే మీటర్‌కి ఏదో అయిందని మనకు తెలియాలి. దీంతోపాటే క్రాంకు పొడవు. పెడల్ మీటర్ బలాన్ని క్రాంకు పొడవుతో హెచ్చవేస్తుంది. 170 మిల్లీమీటర్ల సైకిల్ నుంచి 175 ఉన్న సైకిల్‌కి పెడళ్ళు మార్చి పొడవు మార్చడం మరిచిపోతే, దాదాపు మూడు శాతం తక్కువ చూపిస్తుంది. ఏ పొడవు అనుకుని లెక్క కడుతున్నారో కనపడేలా ఉండాలి.

నాలుగోది చిట్టా. ప్రయాణం ముగిశాక సెకను సెకనుకీ అంకెలున్న ఫైలు మన చేతికి రావాలి, ఆ కంపెనీ సైటులోనే తాళం పడి ఉండకూడదు. అప్పుడే రెండు మీటర్లు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో మనం చూడగలం. ఆ ఎడం ఎప్పుడూ ఒకేలా ఉంటే దాంతో కాపురం చేయొచ్చు. రోజుకోలా ఉంటేనే అనుమానించాలి.

ఒప్పందం తెగితే

ఇంత చూసి కొన్నా భరోసా శాశ్వతం కాదు. హ్యామర్‌హెడ్ అనే కంప్యూటర్ల కంపెనీ అందరి పరికరాలతోనూ కలిసే పెట్టెగా పేరు తెచ్చుకుంది. 2022 జనవరిలో దాన్ని సైకిల్ భాగాల కంపెనీ స్రామ్ కొనేసింది. కొద్ది నెలల్లోనే స్రామ్ పోటీదారు షిమానో, తన ఎలక్ట్రానిక్ గేర్ల సమాచారం ఆ కంప్యూటర్లలో కనపడకుండా తీయించింది. కొన్నవాళ్ళ పెట్టె అదే, గేర్లు అవే. మధ్యలో ఉన్న ఒప్పందం పోయింది. 2025లో ఆంట్ ప్లస్ సభ్యత్వాన్ని, ధ్రువీకరణను కూడా గార్మిన్ ముగించింది. ఐరోపా సమాఖ్య రేడియో పరికరాలకు పెట్టిన కొత్త భద్రతా నిబంధనలు దానికి కారణమయ్యాయి. పాత మీటర్లు టముకు వేస్తూనే ఉంటాయి, కంప్యూటర్లు వింటూనే ఉంటాయి. కానీ ఆ భాషకు ఊరి పెద్ద అంటూ ఎవరూ లేకుండా పోయారు.

మోటుపల్లి రాయికీ ఆంట్ ప్లస్‌కీ నాకు కనపడే తేడా ఇదే. ఒకటి రాజ్యం ఇచ్చిన మాట, ఇంకోటి కంపెనీ ఇచ్చిన వెసులుబాటు. రాజ్యాలూ మాట తప్పుతాయి, నిజమే. కానీ తప్పినప్పుడు వేలు పెట్టి చూపించడానికి రాయి ఉంటుంది. 1956 చట్టం అలాంటిదే. తూకంలో మోసం ఆ చట్టంతో ఆగిపోలేదు, కానీ మోసం అనడానికి ఒక కిలో అంటూ ఏర్పడింది. పవర్ మీటర్‌తో పోయేది నా వ్యాయామం లెక్క మాత్రమే. కాటాతో, తేమ మీటర్‌తో పోయేది ఒక ఏడాది పంట. పవర్ మీటర్‌లోనూ కాటాలోనూ ఉన్నది ఒకే సన్నటి తీగ, ఒకే సున్నా సమస్య కాబట్టి, సైకిల్ మీద నేర్చుకున్న అనుమానం పత్తి దగ్గర కూడా పనికొస్తుందని నా నమ్మకం.

చివరికి నేను కొన్నది మరీ ఖరీదైనదీ కాదు, మరీ కొత్తదీ కాదు. సున్నా చూడమంటే అంకె చూపిస్తుంది. మా నాన్న అడిగిన ముద్ర దాని మీద లేదు. అందుకే అంకెలు రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను: తేదీ, ఎండ, మీటర్ పేరు, సున్నా.